తూర్పుదేశములయొద్ద చిత్రకళ నేర్చిన విస్లరు

పారిసు నగరమున సేను నది యొడ్డున నొక పాత రైలుస్టేషను కలదు. దానిని చిత్రశాలగా మార్చి 1986వ సంవత్సరమున ఓర్సే మ్యూజియమను పేర ప్రజలకు తెఱచిరి. ఆ మ్యూజియమువారి సొత్తయిన చిత్రములలో నొక ముదుసలి తల్లి చిత్రము కలదు. ఆమె నల్లని దుస్తులు ధరించి, తలపై తెల్లని పలుచని కుళ్లాయి పెట్టుకొని, చేతులు రెండును ఒడిలో నుంచుకొని, పాదములను చిన్నపీటపై నానించి, మనవైపు చూడక ప్రక్కకు తిరిగి కూర్చుండియున్నది. ఆమె వెనుక బూడిదవన్నె గోడ, ఎడమప్రక్కను నల్లని తెర, గోడమీద చట్రములో బిగించిన పటము. ఇంతకుమించి అందేమియు లేదనవచ్చును. దాని నకలును ఏ పుస్తకమునందో చూచిన చదువరులు మాలో పెక్కుమంది యుందురు.

ఈ చిత్రమును వ్రాసినవాడు జేమ్సు మెక్‌నీలు విస్లరు. ఆమె ఆయన కన్నతల్లి. అయినను ఆయన ఆ చిత్రమునకు తల్లియని పేరిడలేదు. బూడిదరంగు నలుపుల కూర్పు, మొదటిది, అని పేరిడెను. లోకులు ఆ పేరును లక్ష్యపెట్టక విస్లరు తల్లియనియే పిలుచుచున్నారు. లోకులు చెప్పినదియు సత్యమే, చిత్రకారుడు చెప్పినదియు సత్యమే యని మా తలంపు. ఆ కూర్పను విద్యను ఆయన చాలవఱకు చైనా కుమ్మరులయొద్దను, జపాను చిత్రకారులయొద్దను నేర్చెను. ఆ దేశములలో దేనిని ఆయన కంటితో చూచియుండలేదు. నేర్చుటకు పదియేండ్లకు మించి పట్టెను. ఆ కథ చెప్పుటయే మా యుద్దేశము.

విస్లరు 1834వ సంవత్సరము జూలై 11వ తేదీన అమెరికా దేశమందలి లోవెలు పట్టణమున జన్మించెను. తండ్రి జార్జి వాషింగ్టను విస్లరు రైలుమార్గములు నిర్మించు ఇంజనీరు. తల్లి పేరు ఆన్నా మటిల్డా, మిక్కిలి దైవభక్తురాలు. 1842లో రష్యా చక్రవర్తియగు మొదటి నికోలసు, సెంటు పీటర్సుబర్గునుండి మాస్కోవఱకు రైలుమార్గము వేయుటకై ఆ తండ్రిని పిలిపించెను. మఱుసటియేడు భార్యయు బిడ్డలును వెంబడించిరి. ఆ నగరమందలి రాజకీయ చిత్రకళాశాలలోనే బాలుడు మొట్టమొదట క్రమముగా చిత్రలేఖనము నభ్యసించెను. 1849లో తండ్రి రష్యాలోనే మరణించుటచే తల్లి బిడ్డలతో అమెరికాకు తిరిగి వచ్చెను. చేతిలో ధనము తక్కువ.

1851లో విస్లరు వెస్టుపాయింటు సైనిక విద్యాలయమున చేరెను. చిత్రలేఖనములో తరగతికంతటికి మొదటివాడు, రసాయనశాస్త్రములో తప్పెను. 1854లో అతనిని విద్యాలయమునుండి తొలగించిరి. సిలికాను వాయువని పరీక్షలో చెప్పెననియు, అది నిజముగా వాయువైయుండినచో తాను సేనాపతియైయుందునని పిమ్మట హాస్యమాడెడివాడనియు చెప్పుదురు. (మా విద్యార్థులు దీనిని రసాయనశాస్త్రమును విడిచిపెట్టుటకు సాకుగా గైకొనకుందురుగాక.) తరువాత కొన్ని నెలలు వాషింగ్టనులో సముద్రతీరముల పటములు వ్రాయు సర్కారు కచేరీలో పని చేసెను. అచ్చట రాగిరేకుపై ఆమ్లముతో చెక్కు విద్య నేర్చెను. కాని పటముల యంచులలో తనకు తోచిన తలకాయలను, పక్షులను చెక్కుచుండుటచే ఆ కొలువును నిలువలేదు. 1855లో చిత్రకారుడగుటకు నిశ్చయించుకొని పారిసునకు ప్రయాణమయ్యెను. స్వదేశమునకు మఱల నెన్నడును పోలేదు.

అదే కాలమున ప్రపంచముయొక్క మఱియొకవైపున నొక గొప్ప మార్పు జరుగుచుండెను. జపాను దేశము రెండు శతాబ్దములకు పైగా తన రేవులను డచ్చివారికి తప్ప తక్కిన పాశ్చాత్యుల కెవ్వరికిని తెఱవలేదు. 1853లో అమెరికా నావికాధిపతి పెర్రీ యుద్ధనౌకలతో వచ్చి, 1854లో సంధిపత్రముపై సంతకము చేయించెను. బలవంతముచే తెఱవబడిన ఆ ద్వారముగుండా వర్తకము సాగినకొలది జపాను విసనకఱ్ఱలు, పట్టుబట్టలు, లక్కసామాను, అన్నిటికంటె నెక్కువగా చెక్క అచ్చులతో వేసిన రంగుచిత్రములు యూరపునకు రాజొచ్చెను. 1862లో లండనునందు జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనములో బ్రిటిషు రాయబారి ఆల్కాకు జపానునుండి సేకరించిన వస్తువులను జనులు గుంపులుగూడి చూచిరి. పారిసులో రివోలీ వీథియందు దెసోయను వారొక దుకాణము పెట్టగా యువచిత్రకారులందఱు అచ్చట చేరెడివారు. విస్లరు అప్పటికి లండనులో కాపురము పెట్టినను పారిసునకు వచ్చినపుడెల్ల ఆ దుకాణమున చేతిసొమ్ము ఖర్చుపెట్టుచుండెను.

ఆ అచ్చుచిత్రములలో యూరపువారిని అంతగా ఆకర్షించిన దేమో కొంచెము విశదీకరింతుము. చిత్రకారుడు పలుచని కాగితముపై రేఖలు వ్రాసి యిచ్చును. చెక్కువాడు దానిని చెఱ్ఱీకొయ్య పలకపై నతికించి రేఖలు మాత్రము నిలుచునట్లు చెక్కును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పలక. అచ్చువేయువాడు వానిని వరుసగా నొకే కాగితముపై నొత్తును. ఇట్టి పనిలో యూరపు చిత్రములందువలె వెలుగునీడలు చూపి బుగ్గను గుండ్రముగా చేయుట సుకరము కాదు. వారు దానిని కోరనులేదు. రేఖ, చదునైన రంగు, విడిచిన ఖాళీ, ఈ మూటితోనే పని. ముఖ్యమైన మనుష్యుని నడుమ నిలుపవలెనను నియమము లేదు. ఒక స్తంభమునో, వంతెననో, మనిషి భుజమునో కాగితపు టంచు కోసివేసినను వారు తప్పుగా నెంచరు. నాలుగువందల యేండ్లుగా వెలుగునీడల విద్యనే పరమావధిగా నెంచుకొన్న యూరపు చిత్రకారులకు ఇది క్రొత్త వ్యాకరణమువలె కనబడెను.

విస్లరునకు మొదట కనబడినది వ్యాకరణము కాదు, ఆభరణము. ఆయన చైనా నీలి తెలుపు పింగాణి పాత్రలను పోగుచేయజొచ్చెను. ఈ విషయమున ఆయనకును కవిచిత్రకారుడగు రోసెట్టికిని లండనులో గొప్ప పోటీ. అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచున్నందున, 1864వ సంవత్సరారంభమునాటికి తల్లియు అచ్చటినుండి వచ్చి లండనులో చెల్సీయందలి కుమారుని యింట కాపురముండెను. ఆదివారము పనిచేయుట పాపమని నమ్మిన ఆమెకు, కుమారుని స్నేహితులును, ఆ యింటి గోడలమీది విసనకఱ్ఱలును, అలమారులలోని పాత్రలును ఎంత వింతగా తోచియుండునో మేము ఊహింపగలము. అయినను ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ఆమె ఒక మిత్రునకు వ్రాసిన జాబులో విసుగు కానరాదు. కుమారుడు చైనా జపాను కళాఖండములను ఎంతగా మెచ్చుకొనుచున్నాడో ఓపికగా వర్ణించినది.

1864వ సంవత్సర ప్రాంతమున ఆయన వ్రాసిన చిత్రములు ఆ వస్తువులతో నిండియున్నవి. ఒకదానిలో చైనా అంగీ తొడిగిన యూరపు యువతి పింగాణి కూజాపై రంగు వేయుచున్నట్లు నటించుచుండును. మఱియొకదానిలో బంగారు తెరయెదుట నేలపై కూర్చుండి హిరోషిగే అచ్చుచిత్రములను చూచుచుండును. వీనిలో పేరుపడినది పింగాణి దేశపు రాకుమారి. లండనులో గ్రీసు కాన్సలుగానుండిన స్పార్తాలీగారి కుమార్తె క్రిస్టినా దానికొఱకు పెక్కు దినములు నిలువబడెను. ఎత్తు సుమారు 6½ అడుగులు. ఆమె కిమోనో యను జపాను అంగీ ధరించి, చేత విసనకఱ్ఱ పట్టుకొని, మడతతెరయెదుట నిలుచుండును. తండ్రి ఆ చిత్రమును కొననొల్లలేదు. 1865లో పారిసు ప్రదర్శనములో దాని నుంచిరి.

ఆ చిత్రము చూచుటకు సొంపుగానే యున్నది. అయినను మాకు తోచిన మాట చెప్పక తప్పదు. అది జపాను చిత్రము కాదు, జపాను వేషము. రాకుమారి మెడవంపులో అచ్చుచిత్రములందలి సుందరీమణుల ఒయ్యారము కొంత పట్టుబడినమాట నిజమే. కాని అంగీని, తెరను, తివాచీని, విసనకఱ్ఱను తీసివేసినచో ఆ చిత్రమున తూర్పుదేశమేమి మిగులునని అడుగవలసియుండును. ఈ ప్రశ్న విస్లరునే బాధించినదని ఆయన తరువాతి నడవడివలన తెలియుచున్నది. 1865 మొదలు 1870 వఱకు ఆయన వ్రాసినది కొలది, చెఱిపినది మెండు. గ్రీకు శిల్పమును జపాను వర్ణములతో కలుపవలెనని ఆఱు చిత్రములు తలపెట్టి ముగింపలేక విడిచెను. ఫాంతెన్ లతూరను ఫ్రెంచి మిత్రునకు జాబులు వ్రాయుచు, యౌవనమున గట్టిగా రేఖాభ్యాసము చేయకపోతినే యని ఒకసారి విలపించెను. మఱియొకసారి, కుట్టుపనిలో ఒకేరంగు దారము అచ్చటచ్చట మఱలమఱల తలయెత్తునట్లు చిత్రమంతటను రంగులు తిరిగి తిరిగి కనబడవలెననియు, జపానువారికి ఈ మర్మము తెలియుననియు వ్రాసెను. ఈ రెండవ జాబు వ్రాసినది 1868లో. అప్పటికి ఆయన కన్ను విసనకఱ్ఱను దాటి, విసనకఱ్ఱ చేసినవాని మనస్సువైపు పోవుచున్నదని మేము తలంతుము.

1871వ సంవత్సరమున నొకదినము, చిత్రమునకు కూర్చుండవలసిన బాలిక రాలేదు. సిద్ధముచేసిన పని యాగిపోవుచున్నది. విస్లరు తల్లిని పిలిచి నిలువుమని కోరెను. ఆమెకప్పుడు 67వ యేడు నడచుచుండెను, ఆరోగ్యమును అంతంతమాత్రమే. రెండు మూడు దినములు నిలువబడి అలసిపోగా కుర్చీలో కూర్చుండబెట్టెను. తల్లిచిత్రమున ఆమె కూర్చుండియుండుటకు కారణమిదియే. పని జరుగుచున్నంతసేపు, కుమారునకు చిక్కని పోలిక చిక్కవలెనని ఆమె లోలోన ప్రార్థించుచుండెననియు, తుదకొకనాడు ఆయన పని సిద్ధించినదని కేకవేసి తన్ను ముద్దుపెట్టుకొనెననియు ఆమె తన సోదరికి వ్రాసిన జాబువలన తెలియుచున్నది.

ఆ చిత్రమును ఇప్పుడు నెమ్మదిగా చూతము. కిమోనో లేదు. పింగాణి లేదు. విసనకఱ్ఱ లేదు. గోడపైనున్నది విస్లరు స్వయముగా రాగిరేకుపై చెక్కిన థేమ్సునదీతీరపు దృశ్యము. కూర్చున్నది దైవభక్తురాలగు విధవరాలు. అయినను ఆమె నడుమ లేదు, కుడిప్రక్కకు జరిగి కూర్చున్నది. ముఖము పూర్ణముగా మనకు చూపక ప్రక్కనుండి గీసిన ఒక్క రేఖగా నిలుచుచున్నది. నల్లని వస్త్రములో ముడుతలు దాదాపు కానరావు. అది ఒక పెద్ద నల్లని ఆకారము. ఎడమనున్న తెరయు మఱియొక నల్లని ఆకారము. దానిపై జపాను వస్త్రములను తలపించు చిన్న చిన్న పూలు. కుడియంచున నింకొక పటపు చట్రము కలదు, దానిని చిత్రపు టంచు నిర్దయగా కోసివేసినది. ఎత్తుగా తెరమీద విస్లరు ముద్రయైన సీతాకోకచిలుక. రాకుమారి చిత్రముపై తన పేరును పెద్ద అక్షరములతో వ్రాయగా ఒకడు దానివలన బేరము మానుకొనెనని చెప్పుదురు; అటుపిమ్మట ఆయన పాశ్చాత్యులవలె సంతకము చేయుట తగ్గించి, తూర్పుదేశపు చిత్రకారుల ముద్రవలె తన పొడియక్షరములను సీతాకోకచిలుకగా మలచి, చిత్రమున ఎచ్చట బరువు తక్కువయో అచ్చట నుంచజొచ్చెను.

మన యింటిముంగిట ముగ్గువేయు స్త్రీలకు ఈ రహస్యము క్రొత్త కాదు. చుక్కలకెంత విలువయో చుక్కల నడుమ విడిచిన నేలకు నంత విలువ. తల్లిచిత్రమున బూడిదవన్నె గోడ అట్టిది. ముదుసలి చూచుచున్నవైపున గోడ, తెర తప్ప మఱేమియు లేదు. ఆ ఖాళీని చూచుచు ఆమె కూర్చున్నట్లుండుటవలననే, ముఖమున ఏ భావమును విపులముగా చూపకున్నను, ఆమె ఒంటరితనమును ఓర్పును మనకు తెలియుచున్నవి. స్పెయిను చిత్రకారుడగు వెలాస్క్వెజ్ నలుపు బూడిదరంగుల ప్రభావమును ఇందు కలదని పండితులు చెప్పుదురు, మేము కాదనము. కాని అస్థిపంజరము తూర్పుదేశమునుండి వచ్చినది.

1872లో లండను రాయల్ అకాడెమీవారు ఈ చిత్రమును దాదాపు త్రోసివేసిరి. వారిలో బాక్సాలను వృద్ధసభ్యుడు, దీనిని ప్రదర్శింపనిచో తాను సభ్యత్వము మానుకొందునని పట్టుబట్టగా అంగీకరించిరి. విస్లరు వారికి మఱల చిత్రము పంపలేదు.

గ్రంథకర్తయగు కార్లైలు ఈ చిత్రమును చూచి మెచ్చి, తానును అట్లే కూర్చుండుట కొప్పుకొనెను. అది రెండవ కూర్పు. ఆ పిమ్మట అలెగ్జాండరను ధనికుని కుమార్తె సిసిలీ, ఎనిమిదేండ్ల బాలిక, ఆయనకు చిక్కెను. తెల్లని మస్లిను గౌను ఎట్లు కుట్టవలెనో చిత్రకారుడే తల్లికి వ్రాసి పంపెను. 70 సారులకు పైగా ఆ పిల్లను నిలువబెట్టి, దినదినము వ్రాసినది గీకివేసి మఱల మొదలుపెట్టెడివాడు. పిల్ల అలసి యేడ్చెడిది. ముగిసిన చిత్రమున ఆమె మూతి ముడుచుకొనియే యున్నది. డెయిజీ పూలు చిత్రపు టంచునుండి లోనికి తొంగిచూచుచుండును. రెండు సీతాకోకచిలుకలు తలపై నెగురుచుండును. ఇంత సుకుమారమైన చిత్రము అంత కన్నీటితో పుట్టినదని చూచువారికి తోచదు. కళకొఱకైనను పసిపిల్లను అంతగా నిలువబెట్టుట మాకు రుచింపదు.

రాకుమారి చిత్రము తుదకు లివర్పూలు నావికావర్తకుడగు ఫ్రెడరిక్ లేలండు సొత్తయ్యెను. ఆయన లండనునందలి తన భవనమున భోజనశాలగోడలకు పాతకాలపు తోలు తాపించి, పింగాణి పాత్రలకొఱకు జెకిలను శిల్పిచే అరలు కట్టించి, పొయ్యిపైగా ఆ చిత్రమును వ్రేలాడదీసెను. తోలుమీది పూలరంగు తన చిత్రమునకు సరిపడదని విస్లరు 1876లో కొంచెము సవరింప మొదలిడెను. యజమాని ఊరలేని సమయమున ఆ కొంచెము గదియంతయు నయ్యెను. విలువైన తోలునంతను నీలిపచ్చలతో కప్పి, బంగారు నెమళ్లను వ్రాసి, పత్రికలవారిని పిలిచి చూపెను. 2000 గినీలు కోరగా లేలండు సగమే, అదియు గినీలుగా కాక పౌండ్లుగా ఇచ్చెను. గినీకి 21 షిల్లింగులు, పౌండునకు 20. చిత్రకారులకు గినీలను, పనివారికి పౌండ్లను ఇచ్చుట ఆనాటి మర్యాద. షిల్లింగు నష్టముకంటె అవమానము నెక్కువగా నెంచి, విస్లరు రాకుమారికి ఎదురుగోడపై పోరాడు రెండు నెమళ్లను వ్రాసెను. ఒకదాని కాళ్లక్రింద వెండినాణెములు, ఱొమ్మున లేలండు చొక్కాకుచ్చులవంటి ఈకలు. రెండవదాని తలపై విస్లరు నొసటి నెరసినకుచ్చువంటి వెండియీక. పరుల గోడను అనుమతిలేక మార్చుట న్యాయము కాదనియే మేమందుము. కాని లేలండు మాత్రము తాను 1892లో మరణించువఱకు ఆ నెమళ్ల నట్లే యుంచుకొనుట చెప్పుకొనదగినది.

ఈ తగవుతో గొప్ప పోషకుడొకడు దూరమయ్యెను. 1877లో విమర్శకుడు రస్కిను, రాత్రి ఆకాశమున రాలుచున్న బాణసంచాను చూపిన విస్లరు చిత్రమొకదానిని తూలనాడి, 200 గినీలు కోరుట మోసమన్నట్లు వ్రాసెను. విస్లరు పరువునష్టపు వ్యాజ్యము వేసెను. 1878 నవంబరులో తీర్పు ఆయనపక్షముననే వచ్చెను. పరిహారము ఒక్క ఫార్తింగు, అనగా కాలు పెన్నీ. ఖర్చులు ఇప్పింపలేదు. 1879లో దివాలాయెత్తెను. క్రొత్తగా కట్టుకొన్న యిల్లు పోయెను. పోగుచేసిన పింగాణియు, జపాను వస్తువులును వేలమున పోయెను. తల్లిచిత్రము అంతకుముందే ఒక వర్తకునియొద్ద తాకట్టులో నుండెను.

వెనిసు నగరమునకు పోయి రాగిరేకులు చెక్కి, రంగుసుద్దలతో చిత్రములు వ్రాసి, 1880 చివర లండనునకు తిరిగివచ్చెను. 1881 జనవరి 31వ తేదీన తల్లి హేస్టింగ్సు పట్టణమున మరణించెను. ఆరోగ్యము చెడి ఆమె 1875 నుండి అచ్చటనే యుండెను. తాకట్టు విడిపించుకొన్న చిత్రమును ఆయన ఊరూర ప్రదర్శించెను. 1885లో లండనున రాత్రి పదిగంటల కిచ్చిన ప్రసిద్ధోపన్యాసమును, పార్థెనాను శిల్పములను, ఫూజీ కొండక్రింద విసనకఱ్ఱపై పక్షులను చిత్రించిన హోకుసాయిని ఒకేచోట స్మరించి ముగించెను. 1891లో గ్లాస్గో నగరమువారు కార్లైలు చిత్రమును 1000 గినీలకు కొనిరి. అదే యేడు ఫ్రెంచి ప్రభుత్వమువారు తల్లిచిత్రమును 4000 ఫ్రాంకులకు కొనిరి. సొమ్ము తక్కువయైనను విస్లరు పరమానందభరితుడయ్యెను. ఆయన 1903 జూలై 17వ తేదీన లండనులో మరణించెను.

రాకుమారిని, నెమళ్ల గదిని గోడలతోసహా అమెరికా వర్తకుడగు చార్లెసు ఫ్రీయరు కొనెను. 1923లో వాషింగ్టనునందు ఆయన పేర తెఱచిన చిత్రశాలలో, చైనా జపాను కళాఖండముల ప్రక్కనే వానికి స్థానము దొరికినది.

1934లో అమెరికా తపాలాశాఖవారు మాతృదినమునకై తల్లిచిత్రమును 3 సెంట్ల స్టాంపుమీద ముద్రించిరి. ముద్రించునపుడు చిత్రపు టంచులను కత్తిరించి, ముదుసలి యెదుటనున్న ఖాళీ వ్యర్థమని తలచిరికాబోలు, అందొక పూలకుండీని చేర్చిరి. అమెరికా చిత్రకారులు కొందఱు దీనిని నిరసించిరి. విస్లరు బ్రదికియుండినచో మఱల న్యాయస్థానమునకు పోయియుండెడివాడే.